ఏ నది దాటి వచ్చాం?

బీచుపల్లి దగ్గర కారు వంతెన ఎక్కగానే మా బాబాయి అద్దం దించి, కృష్ణను తేరిపార చూసి, "ఇది కాదు" అన్నాడు.

"ఏది కాదు తాతయ్యా?" అంది వెనక సీట్లోంచి మా అమ్మాయి.

"మనవాళ్లు దాటిన నది. ఇంత వెడల్పు నదికి చెట్టు ఎక్కడ సరిపోతుంది?"

మా ఇంట్లో పుట్టినవాళ్లకు అన్నప్రాసన నాటికే తెలిసిపోయే కథ అది. ఉత్తరాన ఎక్కడో తెలుగునేల మీద మా పూర్వీకులు చల్లగా బతుకుతుండేవారు. ఆ ఇంటి పిల్ల చక్కదనం ఒక 'తురక రాజు' చెవిన పడింది. పెళ్లి చేసి పంపమని కబురు వచ్చింది. సరేనని పందిరి వేసి, పెళ్లికూతురికి బదులు పందిట్లో ఒక నల్లకుక్కను కట్టేసి, రాత్రికి రాత్రి బయల్దేరారు. తెల్లవారేసరికి ముందు నది, వెనక గుర్రాలు. పెద్దలు చేతులు జోడించగానే ఒడ్డున ఉన్న కానుగ చెట్టు వంగి అవతలి గట్టును అందుకుంది. అందరూ దాటాక మళ్లీ నిలబడింది. అలా నడిచి నడిచి తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడిలో అడవి నరికి ఊరు కట్టారు. అందుకే మా ఇంట్లో కానుగ పుల్లతో పళ్లు తోమరు, కానుగ కట్టెను పొయ్యిలో పెట్టరు. ఇప్పుడు ఇంట్లో కట్టెల పొయ్యే లేదు కాబట్టి ఆచారం సులువుగా సాగిపోతోంది.

ఆ ఊరి నుంచి మా తాత 1954లో రైల్వే ఉద్యోగం మీద గుంతకల్లు వచ్చాడు, తరవాత సికింద్రాబాద్ చేరాడు. కొన్ని వందల ఏళ్ల కిందట దక్షిణానికి వెళ్లిన కుటుంబంలో ఒక ముక్క అలా రైలెక్కి వెనక్కి వచ్చిందన్నమాట. ఇక్కడివాళ్లు చేతులు చాచి ఆహ్వానించారా అంటే, బడిలో మా నాన్నను 'అరవవాడు' అని ఏడిపించారు. అక్కడ ఊళ్లో మిగిలిన మా వాళ్లు ఈనాటికీ తమిళుల నోట 'వడుగర్', అంటే ఉత్తరాదివాళ్లు. పేరు పెట్టి పిలిచేవాళ్లు మారారు తప్ప ఎక్కడైనా మేము పక్క ఊరివాళ్లమే.

నాన్న పోయాక ఊరి తోవ తెలిసినవాడు బాబాయి ఒక్కడే. ఆయనకు డెబ్బై దగ్గరపడింది. అందుకే ఈ మే నెలలో ఆయనను, మా అమ్మాయిని ఎక్కించుకుని బయల్దేరాను. తిరిగి వచ్చేసరికి నాకు ఒక మాట తేలిపోయింది. ఈ కథను మా పిల్లలకు ఇలా చెప్పడం మానేయాలి. ఇది బాబాయికి నచ్చలేదు. ఆయన చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి కోవిల్‌పట్టికి మలుపు తిరగనక్కర్లేదు. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే కర్నూలు, అనంతపురం, బెంగళూరు, హోసూరు, సేలం, కరూర్, మదురై, సాత్తూరు మీదుగా నేరుగా తీసుకెళ్తుంది. సుమారు 1,100 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద నదులు లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. కృష్ణ తరవాత కర్నూలులో తుంగభద్ర. "ఇదే అయి ఉంటుంది" అన్నాడు బాబాయి, కొంచెం ఆశగా. కింద చూస్తే బండరాళ్లు, వాటి మధ్య పడియలు, పడియల్లో గేదెలు. 2009 అక్టోబరులో కర్నూలును ముంచేసిన నది ఇదేనంటే ఆ పూట నమ్మబుద్ధి కాలేదు. తరవాత పామిడి దగ్గర పెన్న. అటునుంచి ఇటు ఇసకే.

"తాతయ్యా, దీన్ని దాటడానికి చెట్టు దేనికి? చెప్పులు చేత పట్టుకుంటే చాలు" అంది మా అమ్మాయి. బాబాయి అద్దం ఎత్తేశాడు.

అది అల్లరి ప్రశ్నలాగే వచ్చింది గానీ నన్ను వదల్లేదు. ఎడ్లబండ్లతో, పిల్లాపాపలతో, పశువులతో వందల మైళ్లు పోవాలనుకున్న రైతు ఏ నెలలో బయల్దేరతాడు? పంట ఇంటికి వచ్చాక, నదులు ఎండాక, వానలు పడకముందు. కోవిల్‌పట్టి ప్రాంతానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, విత్తు పడేది అప్పుడే. వేసవిలో బయల్దేరితే పొలం చూసుకుని, చదును చేసుకుని, విత్తడానికి సరిగ్గా సమయం ఉంటుంది. రాత్రికి రాత్రి పారిపోయినవాళ్ల లెక్క కాదది. పంచాంగం చూసుకుని కదిలినవాళ్ల లెక్క.

ఇక రాజు సంగతి. ఆయన ఎవరని అడిగితే బాబాయి ఒకసారి ఢిల్లీ సుల్తాను అంటాడు, ఇంకోసారి గోల్కొండ నవాబు అంటాడు. ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పడగొట్టింది 1323లో. గోల్కొండ కుతుబ్‌షాహీలు పాలించింది 1518 నుంచి 1687 దాకా. ఈ రెండింటి మధ్య ఆరేడు తరాలు పుట్టి పోతాయి. పెనుకొండ దాటుతున్నప్పుడు కొండ మీది కోట గోడలు చూపించి, 1565లో యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నారని చెప్పాను. "చూశావా, అప్పుడే మనవాళ్లూ బయల్దేరి ఉంటారు" అన్నాడు. మూడో రాజు దొరికాడు.

బాబాయి పట్టుదలను నేను వెక్కిరించడం లేదు. నాకు అడ్డం వచ్చేది ఇంకొకటి. ఆ కథ మాది కాదు. మాది మాత్రమే కాదు అనాలేమో. నా కులం పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం కూడా అదే. దక్షిణ తమిళనాడులో స్థిరపడిన నాలుగైదు తెలుగు కులాలవారు ఇదే కథను తమ ఇంటి కథగా చెబుతారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల గురించి ఏడు సంపుటాలు వేసినప్పుడు, తొట్టియ నాయకుల దగ్గర ఈ కథనే రాసుకున్నాడు. పిల్లను అడిగిన రాజు, వంగిన కానుగ చెట్లు, అన్నీ ఉన్నాయి. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసి, 2021లో ప్రభుత్వ లాంఛనాలతో ఆ ఊరి మట్టిలోనే కలిసిన కి. రాజనారాయణన్ తన నవలకు ఈ వలస కథనే పునాది చేసుకున్నాడు. అన్ని కులాలకూ వేర్వేరుగా ఒకే ఆపద, ఒకే నల్లకుక్క, ఒకే చెట్టు ఎదురయ్యాయని నమ్మడానికి చాలా భక్తి కావాలి.

అంతకన్నా ఆలోచించాల్సింది నగరత్తార్ల కథ. చెట్టినాడు పెద్ద ఇళ్ల యజమానులు, తమిళులు. తమ పూర్వీకులు కావేరీపూంపట్టణం వదిలి పాండ్యదేశానికి ఎందుకు వచ్చారో వాళ్లూ చెప్పుకుంటారు. అక్కడి రాజు తమ ఆడపిల్లను చెరబట్టాడట. ఆ రాజు ఎవరు? చోళుడు. శివభక్తుల వంశం. అంటే ఈ కథలో దుర్మార్గుడి కుర్చీ ఎప్పుడూ వేసే ఉంటుంది. అందులో ఎవరిని కూర్చోబెట్టాలన్నది చెప్పేవాళ్ల ఇష్టం. మా వాళ్లు తురకను కూర్చోబెట్టారు. ఇప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ కుర్చీకి కత్తులు, మంటలు, నేపథ్య సంగీతం కూడా చేరాయి. విజయనగర సైన్యంలోకి ముస్లిం విలుకాండ్రను చేర్చుకున్నది రెండో దేవరాయలేనని ఒకసారి ఆ గ్రూపులో రాశాను. పండక్కి ఎవరూ శుభాకాంక్షలు పెట్టలేదు.

యుద్ధాలు జరగలేదని, సైన్యాలు ఆడపిల్లలను ఎత్తుకుపోలేదని నేను అనడం లేదు. జరిగాయి. ఏ జెండా కింది సైన్యమైనా ఆ పని చేసింది. నేనంటున్నది వేరు. మా వాళ్లు వెళ్లిన చోటు చూడండి.

హోసూరులో రాత్రి ఆగాం. తమిళనాడే అయినా టీ కొట్టులో, మందుల దుకాణంలో, లాడ్జిలో తెలుగే వినిపించింది. మర్నాడు కరూర్‌కు ముందు కావేరి దాటాం. అక్కడ మాత్రం నీళ్ల పాయలు మెరుస్తూ కనిపించాయి. బాబాయి ఏమీ అనలేదు. కథ ప్రకారం అక్కడిదాకా చెట్టు రాకూడదు. మధ్యాహ్నానికి మదురై చేరి తిరుమల నాయక మహలుకు వెళ్లాం. ఒక్కొక్క స్తంభాన్ని ముగ్గురు చేతులు కలిపితే గానీ చుట్టలేం. 1623 నుంచి 1659 వరకు పాలించిన తిరుమల నాయకుడు కట్టించుకున్న ఇల్లు. మనవడు చొక్కనాథుడు చాలా భాగం ఊడదీసి తిరుచ్చికి తరలించగా మిగిలింది ఇది. సాయంత్రం పూట ధ్వని, వెలుగుల ప్రదర్శన తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. ఆ గోడల మధ్య కాపురం చేసినవాళ్ల మాట మాత్రం వినిపించదు.

ఆ స్తంభాల నీడలో కూర్చున్నప్పుడే నాకు కథ మీద కోపం వచ్చింది. విజయనగర రాకుమారుడు కంపన మదురై సుల్తానులను ఓడించింది 14వ శతాబ్దంలోనే. 1529 నాటికి విశ్వనాథ నాయకుడు మదురై గద్దె మీద ఉన్నాడు. పాండ్యులు తెన్‌కాశి వైపు జరిగిపోయారు. మదురై కోటకు 72 బురుజులు, ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాళెగాడిదని చెబుతారు. తిరునల్వేలి సీమలో పడమటి పాళేలు తమిళ కులమైన మరవర్లకు, తూర్పున నల్లరేగడి పాళేలు తెలుగు నాయకులకు దక్కాయి. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం అలాంటివే. (1799 అక్టోబరు 16న కయత్తారులో ఇంగ్లీషువాళ్లు ఉరితీసిన పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన ఇంట్లో మాట్లాడింది తెలుగే. ఆయనను పట్టించాడన్న నిందతో తమిళంలో ద్రోహికి మారుపేరైపోయిన ఎట్టయపురం పాళెగాడు ఎట్టప్పన్ ఇంట్లో మాట్లాడిందీ తెలుగే. వీరుడూ మనవాడే, ద్రోహీ మనవాడే. గ్రూపులో మొదటి వాక్యమే తిరుగుతుంది.) రాజు తెలుగువాడు, పాళెగాడు తెలుగువాడు, సిపాయి తెలుగువాడు. మనవాళ్లు అధికారంలో ఉన్న చోటికి బండి కట్టుకుని పోవడాన్ని ఏ భాషలోనూ పారిపోవడం అనరు.

తామ్రపర్ణి పక్కన తడి భూములు అప్పటికే తమిళ రైతుల చేతుల్లో ఉన్నాయి. మిగిలింది కరిసల్, మన రేగడి. తడిస్తే కాలిని వదలదు, ఎండితే చెయ్యి దూరేంత బీటలు. దాన్ని లొంగదీయడానికి బలమైన ఎడ్లు, గుంటక, గొర్రు, పైగా ఓపిక కావాలి. ఆ నేలతో వేగడం రాయలసీమ, పల్నాడు రైతుకు తాతల నాటి విద్య. పనితనానికి నేల దొరికింది, నేలకు అండ దొరికింది. అవమానం ఎక్కడుంది ఇందులో? అవకాశం కోసం వెళ్లామని చెప్పుకోవడానికి ఎందుకంత సిగ్గు?

డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న మనవడికి ఆ సిగ్గు లేదు. ఉద్యోగం కోసం వెళ్లానంటాడు. వెళ్లేముందు చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాడు, వీసా వచ్చాక వచ్చి నూట ఎనిమిది తీర్చుకున్నాడు. ఇంకో మూడు వందల ఏళ్లకు ఆ పిల్లల పిల్లలు ఏం చెప్పుకుంటారో నాకు ఇప్పుడే వినిపిస్తోంది. వెనక ఎవరో తరుముతూ ఉంటారు, ముందు సముద్రం ఉంటుంది, స్వామి చెయ్యి చాచి దాటిస్తాడు. జీతం ప్రస్తావన ఉండదు.

మదురై నుంచి దక్షిణానికి పోయే పాత బాటను అక్కడివాళ్లు ఇప్పటికీ 'మంగమ్మాళ్ శాలై' అంటారు. 17వ శతాబ్దం చివర మనవడి తరఫున రాజ్యం నడిపిన రాణి మంగమ్మ, బాట పొడుగునా చెట్లు నాటించి, చావడులు కట్టించిందని చెప్పుకుంటారు. మా కథలో చెట్టు వంగిందంటారు, ఈ కథలో చెట్టు నాటారంటారు. నాకు రెండోది ఎక్కువ నచ్చింది.

సాత్తూరులో వైప్పారు దాటాం. ఇసక, తుమ్మలు. అక్కడ కారప్పూస, కోవిల్‌పట్టిలో వేరుశెనగ చిక్కీ కొన్నాం. ఆ చిక్కీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోవిల్‌పట్టికి తూర్పున పది పన్నెండు మైళ్లు పోతే మా ఊరు. యాభై గడపలు ఉంటాయేమో. నాన్నకు అక్క వరుసయ్యే అవ్వ ఒకామె ఉంది, ఎనభై దాటాయి. మమ్మల్ని చూసి "బువ్వ తిన్నారా?" అంది మొదట. ఆమె నోట టెంకాయ, ఉద్దులు, పెండ్లి వింటుంటే నాకు మా తాత తిరిగి వచ్చినట్టు అనిపించింది. నేను కిటికీ తెరవమంటే మనవరాళ్లు ముఖాలు చూసుకున్నారు. వాళ్లకది జన్నలు, తమిళం ద్వారా వచ్చిన పోర్చుగీసు మాట. నాది హిందుస్తానీ నుంచి వచ్చిన మాట. స్వచ్ఛమైన తెలుగు ఎవరిదన్న పోటీలో ఇద్దరమూ గెలవలేదు.

ఆ ఇంట్లో గొర్రుకు విత్తనాలు పోసే కొయ్యగిన్నె ఒకటి పూజగదిలో ఉంది. 'అక్కడి నుంచి' తెచ్చిందట. అన్ని వందల ఏళ్ల కొయ్య అని నేను నమ్మను. చెదపురుగులూ నమ్మవు. కానీ తెచ్చిందని చెప్పుకోవడానికి వాళ్లు ఎంచుకున్న వస్తువు ఏమిటో చూడండి. కత్తి కాదు, దేవుడి విగ్రహం కాదు, విత్తే సాధనం. గుర్రాలు తరుముతుంటే ఎవరూ గొర్రు మోసుకుని పరుగెత్తరు. కథకు ఎదురుసాక్షిని వాళ్లే పూజగదిలో పెట్టుకుని పసుపు పూస్తున్నారు.

సాయంత్రం అవ్వ కొడుకు పొలం చూపించాడు. నాకన్నా పదేళ్లు పెద్దవాడు, పత్తి, మినుము వేస్తాడు. గట్టు పక్కన ఒక పూడిపోయిన బావి. "మనవాళ్లు తవ్వించారా అన్నా?" అని అడిగాను. కాదన్నాడు. మనం రాకముందే ఉందట. పంట వచ్చినప్పుడు మొదటి కుంచం ఊరికి పడమర ఉన్న ఒక కుటుంబానికి కొలిచి ఇస్తారు. ఎందుకో ఎవరూ అడగరు. "బావి వాళ్లది కదా" అన్నాడు, అదేమీ పెద్ద సంగతి కానట్టు.

అడవి నరికి ఊరు కట్టామని కదా మా కథ! అడవిలో బావి ఎవరు తవ్వారు? బయల్దేరిన రాత్రి గురించి కుక్క రంగు దాకా చెప్పే కథ, చేరిన రోజు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టింది. ఆ వాక్యంలో మనుషులు లేరు. పందిరి, కుక్క, గుర్రాలు, చెట్టు అన్నీ అవతలి ఒడ్డువే. మేము బాధితులుగా ఉన్నంతసేపు కథ నడిచింది, ఇంకొకరి నేల మీద కాలు పెట్టగానే ఆగిపోయింది. బాబాయికి ఇదే చెప్పాను. "ఒక కుంచం గింజలు చూసి చరిత్ర రాస్తావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒక చెట్టును చూసి ఆయన రాసుకున్నాడు కదా.

రాత్రి వంటింట్లో మా అమ్మాయి అవ్వను అడిగింది. "ఆ పిల్ల పేరేమిటి అవ్వా?"

యాభై ఏళ్లుగా ఈ కథ వింటున్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మా ఇంట్లో ఆ పిల్లకు పేరు లేదు. 'ఆ పిల్ల', అంతే.

అవ్వ సంగటి గిన్నెలో తెడ్డు తిప్పుతూ, "పేరు పలకరు. ఆమె ఇక్కడికి రాలేదు" అంది.

"అంటే?"

"దాటింది మనం. ఆమె దాటలేదు. ఆమె ఉంటే వెంటపడతారని భయం." తెడ్డు ఆపి, తలుపు వైపు చూసి, మళ్లీ తిప్పింది. సంక్రాంతితో మొదలయ్యే తై మాసంలో ఆడవాళ్లు ఉత్తరం వైపు తిరిగి పెట్టే పొంగలి ఆమెకేనట. పెళ్లయి వచ్చిన కోడళ్లకు చెబుతారు, మగవాళ్లకు చెప్పరు. మా అమ్మకు తెలిసే ఉంటుంది. ఎన్నడూ నాతో అనలేదు.

"ఎవరు చంపారు?" అంది మా అమ్మాయి.

"చంపారని నేను అన్నానా?" అంది అవ్వ. కాసేపటికి, "అది కథలో లేదు" అంది.

వాకిట్లో నులకమంచం మీద బాబాయి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని అదే కథ చెబుతున్నాడు. ఆడపిల్ల మానం కోసం ఆస్తిపాస్తులు వదిలేసిన వంశం మనది అంటున్నాడు. గొంతు వంటింట్లోకి బాగా వినిపిస్తోంది. అవ్వ వింటూ, సంగటి ముద్దలు చేస్తోంది.

మర్నాడు కారులో ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందా అన్నది నాకు ఇంకా తేలలేదు. అవ్వ నమ్మి చెప్పిన మాట అది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, "ఆడవాళ్ల మాటలు" అన్నాడు. ఇంకాసేపటికి, "మా అమ్మ ఉత్తరం వైపు తిరిగి పొంగలి పెట్టేది. దిక్కు తప్పుగా పెడుతోందని నాన్న కేకలేసేవాడు" అన్నాడు.

నన్ను మా బంధువులు అడిగేది ఒకటే. కథ వద్దంటే పిల్లలకు ఏం చెబుతావు? ఉన్నదే చెబుతాను. ఎడ్లను, గొర్రును తోలుకుని, మనవాళ్ల రాజ్యం ఉన్న వైపు, మంచి నేల వెతుక్కుంటూ వెళ్లాం. అక్కడ మనుషులు ఉన్నారు, వాళ్ల బావి ఉంది. మధ్యదారిలో ఒక ఆడపిల్ల తప్పిపోయింది, ఆమె పేరు మనకు చెప్పలేదు. ఇందులో కానుగ చెట్టుకు చోటు లేదా అంటే, ఉంచుకోండి. ఎండాకాలం ప్రయాణం, నీడకు పనికొస్తుంది.

తిరుగు ప్రయాణంలో అనంతపురం దాటేసరికి చీకటిపడింది. మా అమ్మాయి నిద్రపోయింది. బాబాయి కూడా నిద్రలో ఉన్నాడనుకున్నాను. పామిడి వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే కళ్లు తెరిచాడు.

"ఏ నది?"

"పెన్న."

"నీళ్లున్నాయా?"

"లేవు బాబాయ్. ఇసకే."

ఆయన అద్దం దించి చీకట్లోకి చూశాడు. వంతెన అయిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.